పై కార్డు, కింది కార్డు

ఏప్రిల్ 7, సోమవారం

శ్రీవాణి ఇవాళ మళ్లీ అదే పాట ఎత్తుకుంది. రెండు పాత కార్డులూ పీకేసి, ఒక్కటే కొత్తది, పెద్దది కొందామట.

నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోవాలి? ఈ రెండు కార్డులతోనే కదా నాలుగేళ్లుగా సూర్యాపేట చుట్టుపక్కల పెళ్లి వీడియోలన్నీ మిక్సింగ్ చేస్తున్నాం! ఫోటోగ్రాఫర్లు హార్డ్ డిస్కులు సంచుల్లో వేసుకుని వెతుక్కుంటూ మా షాపుకే వస్తున్నారు. పొద్దున్నే ఆమె మిర్యాలగూడలో, నేను కోదాడలో బస్సెక్కి సూర్యాపేటకు వస్తాం. ఒకే కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. ఆమె కటింగ్ చేస్తుంది. నేను పాటలు కలుపుతాను, రంగులు దిద్దుతాను.

ఆ కంప్యూటర్లో బొమ్మను నడిపించే గ్రాఫిక్ కార్డులు రెండున్నాయి. పైది శ్రీవాణి కొన్నది, కిందిది నేను కొన్నది. కోదాడలో ఒక గేమింగ్ సెంటర్ మూసేస్తుంటే ఇద్దరం ఒకే రోజు వెళ్లి ఒకే రకానివి చెరొకటి తెచ్చుకున్నాం. షాపు చెరి సగం అనుకున్నది కూడా ఆ రోజే. ఒక్కో కార్డు ఆరు జీబీ. బయట ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలతో ‘12 జీబీ గ్రాఫిక్స్’ అని రాయించింది నేనే. సూర్యాపేటలో ఇంకెవరికుంది పన్నెండు జీబీ?

"అవి ముసలియైనయే గ్రేసూ. ఇప్పుడొచ్చే కెమెరాల వీడియోలు మొయ్యలేకపోతున్నయ్. జర నా మాటిను," అంది.

"నీ ఫోన్ కూడా ముసలిదే. పడేశావా దాన్ని?" అన్నాను.

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

మా కార్డులు కరెంటు ఎక్కువ తాగుతాయంట. తాగనీ. ఆమె ఇంట్లో నుంచి తెచ్చి పోస్తోందా?

ఏప్రిల్ 11, శుక్రవారం

బస్సులో గంటసేపు ఇదే ఆలోచన. కొత్త కార్డుకు డబ్బు వాళ్లాయన నాగేందర్ ఇస్తానన్నాడట. మిర్యాలగూడలో రైస్ మిల్లు సూపర్‌వైజర్ ఆయన, ఇస్తాడు. మరి ఆ కార్డు ఎవరిదవుతుంది? శ్రీవాణిది. నాది ఏ అట్టపెట్టెలోనో పడి ఉంటుంది. అప్పుడు నేనెవర్ని ఆ షాపులో? రోజూ బస్సెక్కి వచ్చి పాటలు కలిపి వెళ్లే మనిషిని. ఏదో ఒక రోజు "ఇగ రేపటిసంది రాకు" అంటే, ఇదిగో నా కార్డు లోపల ఉంది అని చూపించడానికి కూడా ఏమీ ఉండదు.

ఇవన్నీ పైకి అనలేదు. కొత్తదానికి కంప్యూటర్ డబ్బా మార్చాలి, సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయించుకోవాలి, పెళ్లిళ్ల సీజన్లో ఎక్కడ కుదురుతుంది అన్నాను. అందులో అబద్ధమేం లేదు. నేను కార్డుల గురించే మాట్లాడుతున్నాను.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

షాపుకు వెళ్లలేదు. మిట్టమధ్యాహ్నం నుంచి మూడు గంటలు చర్చిలో కూర్చున్నాం. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఐదో మాట నడుస్తుండగా నా బుర్రలోకి కింది కార్డు వచ్చింది. ప్రభువా, క్షమించు.

ఏప్రిల్ 24, గురువారం

మోతె నుంచి ఐలమ్మ వచ్చింది. మొన్న ఆదివారం ఆమె మనవరాలి పెళ్లయింది.

మా షాపులో ఒక పద్ధతుంది. కటింగ్ మొదలుపెట్టే ముందు ఆ ఇంటి పెద్దమనిషిని ఎవరినైనా పిలిపించి, టీ ఇచ్చి కూర్చోబెట్టి, ఎవరెవరు ఏమవుతారో చెప్పించుకుంటాం. మనకేం తెలుసు, మేనమామ ఎవరో మేస్త్రీ ఎవరో? మొదట్లో ఒకసారి తెలియక పెళ్లికూతురి మేనమామను ముక్క కూడా లేకుండా కోసేశాం. ఆ ఇంట్లో రెండు నెలలు మాటల్లేవట. అప్పటి నుంచి ఇది తప్పనిసరి.

ఐలమ్మ ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించింది.

"గీయన మా పెద్ద అల్లుడు. మంచిగ రానియ్యి. గీయన కనవడకుంటె పెండ్లే కాలేదంటడు. గా ఎర్రచీరామెను జర తక్కువ సూపియ్యి, కూర కాడ లొల్లి పెట్టింది."

"తీసెయ్యాల్నా పెద్దమ్మా?" అంది శ్రీవాణి.

"అయ్యో, తీసేస్తే ఇంటిదాన్క వస్తది. ఉంచు, గని దూరం నుంచి ఉంచు."

పడీపడీ నవ్వుతుంటే కంప్యూటర్ టప్పున ఆరిపోయింది.

"కరెంటు వోయిందా బిడ్డా?" అంది ఐలమ్మ, తల మీద తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూస్తూ.

మళ్లీ వేశాం. పావుగంటకు మళ్లీ పోయింది. వచ్చే నెల అయిదున వాళ్లింట్లో పదహారు రోజుల పండుగ. ఆ రోజు వియ్యాలవాళ్ల ముందు తెర కట్టి పెళ్లి వీడియో వేస్తారట. అంతలోకల్లా ఇచ్చేస్తామని మాటిచ్చాం.

ఏప్రిల్ 25, శుక్రవారం

కంప్యూటర్లు బాగుచేసే ముఖేష్ వచ్చాడు. డబ్బా విప్పి, లోపల చెయ్యి పెట్టి, అబ్బా అని వెనక్కి తీసుకున్నాడు.

"రెండు కార్డులు కలిసి పొయ్యి రాజేసినట్టు చేస్తున్నయక్కా. కరెంటు డబ్బా గూడ పాతదాయె, రెండిటికి సరిపోను ఇస్తలేదు. ఒకటి పీకి సూద్దమా?"

"వద్దు. రెండూ ఉండాల్సిందే," అన్నాను.

ముఖేష్ శ్రీవాణి వైపు చూశాడు. ఆమె హార్డ్ డిస్కులు సర్దడం మొదలుపెట్టింది. చివరికి డబ్బాకు మూత పెట్టకుండా, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి పోయాడు. ఎండాకాలం తగ్గితే అదే సర్దుకుంటుంది. నాలుగేళ్లు నడిచింది, ఇంకో నెల నడవదా?

ఏప్రిల్ 27, ఆదివారం

చర్చి అవగానే సూర్యాపేట వెళ్లాను. షాపులో అర్జంటు పని ఉందని ఇంట్లో చెప్పాను. ముఖేష్ మాట అబద్ధమని తేల్చుకుందామని వెళ్లాను, ఇంకేం లేదు.

నాలుగు నిమిషాల పాట ఒకటి తీసుకున్నాను. రెండు కార్డులతో పెడితే పూర్తి వీడియోగా తయారు కావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. నా కార్డు పీకి, శ్రీవాణి కార్డు ఒక్కదానితో పెట్టాను. పదకొండు నిమిషాలు. వాచీ తప్పేమోనని మళ్లీ పెట్టాను. అదే పదకొండు.

రెండూ తిరిగి బిగించి, ఏ కార్డు ఎంత పని చేస్తోందో చూపించే పేజీ తెరిచాను. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ పేజీ ఎందుకు తెరవలేదో నాకే తెలియదు. పై కార్డు తొంభై శాతం దాటి పరిగెత్తుతోంది. కింది కార్డు దగ్గర సున్నా. పాట మొదలైనప్పుడు సున్నా, అయిపోయినప్పుడు సున్నా.

ఫోన్లో వెతికి చదివాను. మేం వాడే సాఫ్ట్‌వేర్ ఒక్క కార్డుకే పని చెబుతుందట. రెండోది వేడెక్కడానికే ఉంటుంది. ఆరూ ఆరూ పన్నెండు కూడా కాదట, ఆరు ఆరే. ఎంతమంది ముందు గొప్పలు పోయాను ఆ పన్నెండు గురించి!

చివరగా పైది పీకి నాదొక్కటే దాని చోట పెట్టి చూశాను. పదకొండు నిమిషాల్లో చేసి పెట్టింది. అంటే నా కార్డు చెడిపోయిందేం కాదు. నాలుగేళ్లుగా దానికి ఎవరూ పని చెప్పలేదు, అంతే.

అది చూసి అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇనుపముక్క కోసం ఏడవడమేంటని నన్ను నేనే తిట్టుకుని, ఎక్కడివక్కడ పెట్టేసి, స్క్రూలు బిగించి, నా వేలిముద్రలు పడ్డ దుమ్ము కూడా తుడిచి వచ్చాను.

శ్రీవాణికి చెప్పాల్సిన అవసరమేం లేదు. ఇది టెక్నికల్ విషయం.

ఏప్రిల్ 28, సోమవారం

పదకొండు నిమిషాలు.

ఏప్రిల్ 30, బుధవారం

మోతె పెళ్లి మొత్తం కుట్టి, తయారు కావడానికి పెట్టాం. సగం దాటాక ఆరిపోయింది. మళ్లీ పెట్టాం, మళ్లీ ఆరిపోయింది. మూడోసారి ఇంకో కాసేపుంటే అయిపోయేది. అప్పుడే పోయింది.

శ్రీవాణి జుట్టు ముడేసుకుని నాలుగోసారి పెట్టింది. తిట్టినా బాగుండేది.

"ఓల్టేజీ సరిగ్గా రావట్లేదు. ఎండలకి వీధంతా ఏసీలు వేస్తున్నారు," అన్నాను.

"గంతే కావచ్చు," అంది.

నా కార్డు ఒక్కటి పీకేస్తే వేడి తగ్గుతుంది, కరెంటు సరిపోతుంది, వీడియో తయారవుతుంది. ఈ సంగతి ఈ గదిలో నాకొక్కదానికే తెలుసు. పీకితే మళ్లీ పెట్టడానికి కారణం ఉండదు. పీకకపోతే ఐలమ్మకు వీడియో ఉండదు. సాయంత్రం బస్సులో పక్కామె ఏం చదువుకున్నావమ్మా అని పలకరిస్తే మూతి ముడుచుకుని కూర్చున్నాను.

మే 2, శుక్రవారం

ఐలమ్మ ఎండలో పడి వచ్చింది. సంచిలో మామిడికాయలు తెచ్చింది. వీడియో కాలేదంటే ఆమె మొహం చూడలేకపోయాను.

"తెర గూడ మాట్లాడిన బిడ్డా. వియ్యాలోళ్లు ఇరవై మంది వస్తున్నరు. మా దిక్కు పెండ్లి మంచిగ చెయ్యలేదని ఇప్పటికే గొణుగుతున్నరు. జూస్తే కద తెలిసేది, ఎట్ల చేసినమో! మా పిల్ల పట్టుబట్టి మీకాడికే పంపిచ్చింది. గాడ పాటలు మంచిగ ఏస్తరు నానమ్మా, గాడికే పో అన్నది. నా ఇజ్జత్ తియ్యకుండ్రి."

శ్రీవాణి ఆమె చెయ్యి పట్టుకుని, "అయితది పెద్దమ్మా, నువ్వు పరేషాన్ కాకు," అంది. ఎలా అవుతుంది? నేను పీకితే కదా అయ్యేది.

మామిడికాయలు ఇంటికి తెచ్చాను. అత్తయ్య ముక్కలు కోసి ఉప్పూకారం చల్లి పెట్టింది. నా వాటా కూడా ఆమెకే ఇచ్చేశాను.

మే 3, శనివారం

మొదటి బస్సుకే వెళ్లాను. శ్రీవాణి రాకముందే డబ్బా విప్పి నా కార్డు తీసి బల్ల మీద పెట్టాను. వీడియో పెట్టాను. ఫ్యాన్ చప్పుడు కూడా మారిపోయింది, హాయిగా ఊపిరి తీసుకుంటున్నట్టు. దాని మీద కూడా కోపమొచ్చింది నాకు.

తొమ్మిదిన్నరకు శ్రీవాణి వచ్చింది. బల్ల మీద కార్డు చూసింది.

"తీసినవా?" అంది.

ఏమైంది అని అడగలేదు. చెడిపోయిందా అని అడగలేదు. తీసినవా అంది.

"నీకు ముందే తెలుసా?"

ఆమె సంచి కూడా కింద పెట్టకుండా నిలబడిపోయింది.

"వాణీ, నిన్నే! ఎప్పటి నుంచి తెలుసు?"

"రెండేండ్ల సంది. ముఖేష్ చెప్పిండు."

"రెండేళ్లు! రెండేళ్లుగా నా కార్డు ఉత్తదే అని తెలిసి పక్కన కూర్చుని టీ తాగుతున్నావా? నేను ప్రతి కస్టమర్‌కీ పన్నెండు జీబీ, పన్నెండు జీబీ అని చెబుతుంటే లోపల నవ్వుకున్నావా?"

"నవ్వలేదే. ఒట్టు, ఒక్కనాడు నవ్వలే."

"మరి జాలిపడ్డావా? పాపం గ్రేసు, దానికేం తెలుసులే, ఉండనీ అనుకున్నావా?"

ఆమె వెళ్లి వీడియో ఎంతవరకు వచ్చిందో చూసింది. అది చూసి నాకు ఇంకా మండింది. నా కార్డుకు పని లేదని తెలిసినా సగం వాటా ఇస్తూ వచ్చిందంటే ఏమనుకోవాలి? దానధర్మం చేసింది నాకు. రెండేళ్లు దానం తిన్నాను, తిన్నట్టు కూడా తెలియకుండా.

ఇద్దరం ఆ గదిలో చెరో గోడ వైపు తిరిగి కూర్చున్నాం. మధ్యాహ్నం రెండు గంటలకు వీడియో ఒక్కసారి కూడా ఆగకుండా అయిపోయింది. ఐలమ్మ వచ్చి పెన్‌డ్రైవ్ కొంగున ముడేసుకుని, మా ఇద్దరి తలలూ నిమిరి వెళ్లింది. నేను నా కార్డును టవల్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని కోదాడ బస్సెక్కాను. శ్రీవాణి బస్టాండు దాకా వెనకే వచ్చింది. నేను తిరిగి చూడలేదు.

మే 5, సోమవారం

"ఏంటి గ్రేసమ్మా, బస్సు టైం దాటిపోతోంది," అంది అత్తయ్య ఎస్తేరు.

"సెలవు అత్తయ్యా."

"ఎవరిచ్చారు?"

కార్డు ఫ్రిజ్ మీద ఉంది. ఇవాళ మోతెలో తెర కట్టి ఉంటారు. పెద్ద అల్లుడు కనపడ్డాడో లేదో.

మే 6, మంగళవారం

"కోదాడలోనే నీ సొంతంగా పెట్టుకోవచ్చుగా," అన్నాడు మా ఆయన అఖిల్. పెట్టుకుంటాను. ఎందుకు పెట్టుకోకూడదు? నా కార్డు పైన పెడితే పరిగెత్తుతుందని నాకు తెలుసు కదా. కటింగ్ నేర్చుకుంటాను. అదేమన్నా బ్రహ్మవిద్యా?

మే 7, బుధవారం

పాత పెళ్లి ఒకటి తీసి అఖిల్ ల్యాప్‌టాప్‌లో సొంతంగా కటింగ్ చేసి చూశాను. పెళ్లికొడుకు ముహూర్తానికి ముందే అత్తారింటికి వెళ్లిపోయాడు. శ్రీవాణి ఫోన్ ఏడుసార్లు వచ్చింది. ఎత్తలేదు. ఎనిమిదోసారి రాలేదు. ఎందుకు రాలేదో.

మే 9, శుక్రవారం

మధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండలో, హుజూర్‌నగర్ మీదుగా బస్సు పట్టుకుని శ్రీవాణి మా ఇంటికి వచ్చింది. నాలుగేళ్లలో కోదాడలో మా గడప తొక్కడం ఇదే మొదలు. చెమటతో తడిసిపోయి వరండాలో నిలబడి ఉంది.

"లోపలికి రా," అన్నాను.

"రాను. ముందు చెప్పనియ్యి. లోపలికొస్తే మీ అత్తమ్మ మంచినీళ్లిస్తది, మాట మరుస్త," అంది. మెట్టు మీదే కూర్చుంది. చేసేది లేక నేనూ కూర్చున్నాను.

"ముఖేష్ చెప్పిన నాడే నీ కార్డు తీసియ్యాల్సుండె. ఒకటి పక్కకు పెట్టుండ్రక్కా, కరెంటన్న మిగులుతది అన్నడు. నేనే వద్దన్న. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్న."

"అదే అంటున్నాను. ఎందుకు? నా మీద జాలితోనే కదా."

"జాలేందే!" అని అరిచినంత పని చేసింది. "నేనంత మంచిదాన్ననుకున్నవా? తీస్తే నీ కార్డు నీ చేతికొస్తది. సంచిల ఏసుకుని కోదాడ పోతవ్. గీడ నీ సొంతంగ పెట్టుకుంటవ్. మరి నేనేం చెయ్యాలె? నాకు కొయ్యుడొక్కటే వస్తది. నేను పాట ఏస్తే పెండ్లి సావులెక్కనే ఉంటది, నీకు తెల్వదా? ఆ షాపుకు వచ్చేటోళ్లంత నీ పాటల కోసం వస్తున్నరు. మోతె పెద్దమ్మ చెప్పింది ఇన్నవ్ గద! నువ్వు ఉంటె చాలనుకున్న. గా కార్డు వేడెక్కితే ఎక్కనీ అనుకున్న."

ఆమె వైపు తిరిగి అడిగాను.

"మరి కొత్త కార్డు ఎందుకు కొందామన్నావ్? నన్ను బయటికి తోసేద్దామని కాదా?"

ఆమె నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"రెండుంటే ఎవల్ది వాళ్లు పీక్కోని పోవచ్చు. ఒక్కటే ఉంటె, మా ఆయనకాడ అప్పు తీస్కోని ఇద్దరం కలిసి కొంటె, ఎవలు పీక్కపోతరే? సగం కోసుకోని పోతమా? గందుకే కొందమన్న. నెల రోజుల సంది మొత్తుకుంటున్న."

ఇన్నాళ్లూ ఆమె నేను పోతానని భయపడింది. నేను ఆమె పొమ్మంటుందని భయపడ్డాను. ఇద్దరం వేడి గురించీ కరెంటు గురించీ జీబీల గురించీ కొట్టుకున్నాం.

"సిగ్గులేదా వాణీ నీకు? రెండేళ్లు మోసం చేశావు నన్ను," అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

"చేసిన. సోర్థంతోనే చేసిన. నువ్వు పోతే నేను ఖతమని చేసిన. ఇగ తిట్టు, ఎంత తిడతవో."

తిట్టాను. నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆమె ఒక్కొక్కదానికీ తల ఊపింది. ఈ నాలుగేళ్లలో ఎంతోమంది నా పాటలు బాగున్నాయన్నారు, నేను మంచిదాన్నన్నారు. నువ్వు లేకపోతే నేను ఖతం అన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అది మంచితనంతో కాక స్వార్థంతో అన్నదని తెలిసేసరికి నా లోపల ఎక్కడో గట్టిగా బిగుసుకున్నది ఒక్కసారిగా వదిలింది. జాలి అయితే నేను తట్టుకోలేకపోయేదాన్ని.

లోపలి నుంచి అత్తయ్య కేకేసింది. "తిట్టడం అయిపోయిందా ఇంకా ఉందా? అన్నం చల్లారిపోతోంది, ఇద్దరూ రండి."

శ్రీవాణి ముద్దపప్పు రెండుసార్లు వేయించుకుంది. నాలుగింటి బస్సుకు మిర్యాలగూడ వెళ్లిపోయింది. కొత్త కార్డు కొనడానికి ఎప్పుడు వెళ్దామని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

రేపు ఏడున్నర బస్సుకు వెళ్తాను. ఇంకా తిట్టాల్సింది చాలా ఉంది.